కుడికాలి బూటు

మళ్ళీ దగ్గాడు. నా వెనక బల్ల మీద కూర్చున్న ఈ పెద్దమనిషి దగ్గినప్పుడల్లా నా మెడ మీద వెచ్చగా తడిగాలి తగులుతోంది. ఛీ, జేబురుమాలు అనేది ఒకటుంటుందని ఇన్నేళ్ళ బతుకులో ఈయనకి ఎవరూ చెప్పలేదు కాబోలు. ముందుకు జరుగుదామంటే జాగా లేదు, మాది మొదటి వరస, గౌరవ వరస, బల్లకి రిబ్బన్ కట్టి మరీ కూర్చోబెట్టారు, ఆ రిబ్బన్ కొన మీద ఎవరిదో జిడ్డు వేలిముద్ర. చర్చి నిండా పాత మైనం వాసన, తడిసిన గొడుగుల వాసన, ఎవరో బిందెడు గుమ్మరించుకున్న సెంటు వాసన, వీటన్నిటి అడుగున నా ముక్కుకి మాత్రం ఇంకో వాసన అందుతోంది, బూటు పాలిష్. అది నా కుడిపక్కన కూర్చున్న అమ్మ ఒళ్ళోంచి వస్తోంది. అమ్మ ఒళ్ళో గుడ్డసంచి ఉంది, సంచిలో నాన్న బూట్లున్నాయి. నాన్న పోయి ఏడాదయిందని ఈ చర్చి వాళ్ళు ఆయన పేరు మీద ఆర్గన్ కచేరీ పెట్టారు, కచేరీ అయ్యాక నేను పైకి లేచి, అదిగో అక్కడ బల్ల మీద పెట్టిన గాజుపెట్టెలో ఆ బూట్లు నా చేతుల మీదుగా పెట్టి, మైకులో రెండు ముక్కలు చెప్పాలి. ఒప్పుకున్నాను. 

నా ఉద్యోగం హోటళ్ళ వంటగదులు తనిఖీ చేయడం. ముందు గదిలో తెల్లటి గుడ్డలు పరిచి, పూలు పెట్టి, ఏసీ వేసి నవ్వుతూ ఎదురొచ్చేవాళ్ళని నేను పట్టించుకోను, తిన్నగా వెనక్కి వెళ్ళి మూతలెత్తుతాను. ఫ్రిజ్ తలుపుకి ఉండే రబ్బరు మడత లాగి చూస్తాను, నల్లటి బూజు అక్కడే ఉంటుంది, తలుపు కీళ్ళల్లో బొద్దింక గుడ్లుంటాయి, మళ్ళీ మళ్ళీ కాచిన నూనె వాసన గుమ్మంలోంచే తెలుస్తుంది. నాతో పనిచేసేవాళ్ళు, మేడమ్‌కి ముక్కు కాదు, మిషను ఉంది అంటారు. ఆ మిషనుకి సెలవు లేదు, అదే ఖర్మ. పొద్దున అమ్మ వంటింటి గట్టు మీద కాగితం పరిచి బూట్లు పాలిష్ చేస్తుంటే గుమ్మంలో నిలబడి చూశాను. ఎడమ బూటు రెండు నిమిషాల్లో అయిపోయింది. కుడి బూటు దగ్గర ఆగిపోయింది. మడమకి బయటి పక్కన తోలు నలిగి, సొట్టపడి, తెల్లగా గీరుకుపోయిన చోటొకటి ఉంది, అక్కడ పాలిష్ పూసి, తుడిచి, వెలుతురుకి తిప్పి చూసి, మళ్ళీ పూసి, మళ్ళీ తుడిచి. నాకు ఒళ్ళు మండిపోయింది. హోటలు వాళ్ళు కూడా నన్ను చూడగానే ఇలాగే గబగబా గుడ్డ పెట్టి తుడుస్తారు. ఇక చాల్లే, గాజుపెట్టెలో పెడితే అదెవరికి కనిపిస్తుంది అన్నాను. అమ్మ తలెత్తకుండా, పెట్టేటప్పుడు ఈ పక్క లోపలికి తిప్పిపెట్టవే అంది.

మొదలుపెట్టాడు కొంగ. కొంగంటే నాన్న శిష్యుడు, కాళ్ళు పొడుగని చిన్నప్పుడు పెట్టిన పేరు, ఇప్పుడు దేశదేశాలు తిరిగి వాయించి వస్తున్నాడట, జుట్టు నెరిసినా నాకు మాత్రం కొంగే. ఆర్గన్ చర్చికి వెనకవైపు మేడ మీద ఉంటుంది, కూర్చున్నవాళ్ళకి వాయించేవాడు కనిపించడు, అందుకని ఈసారి మేడ మీద కెమెరా పెట్టి ముందు గోడకి తెర కట్టారు. జనం ముందుకి చూస్తున్నారు, మోత వెనక నుంచి వీపు మీద పడుతోంది, ఇదొక వేడుక. తెర మీద కొంగ చేతులు, వేళ్ళతో నొక్కే మెట్లు మూడు వరసలు, పక్కన గుండ్రటి చెక్క పిడులు, అతని భార్య అక్కడ నిలబడి ఉంది. నడుము కింద ఏమీ లేదు, అంతా చీకటి చెక్క. కాళ్ళు చూపించరు. ఆర్గన్ సగం కాళ్ళతో వాయిస్తారని వీళ్ళలో సగం మందికి తెలియనే తెలియదు, అయినా కళ్ళు మూసుకుని తలలూపుతున్నారు, అదిగో ఆ మందుల షాపాయన పెదాలు కూడా కదుపుతున్నాడు, ఇందులో మాటలెక్కడున్నాయి స్వామీ. అమ్మకి అవతలి పక్కన కుట్టు ఆంటీ, మా పాత వీధిలో మిషను కుట్టే ఆవిడ, అప్పుడే కళ్ళు ఒత్తుకుంటోంది. "మాస్టారు దేవుడమ్మా," అని అమ్మ చెవిలో అంటోంది, నాకూ వినపడేలాగే అంటోంది. "ఆ చేతులు మామూలు చేతులా వదినా, అన్ని గొట్టాలు, అన్ని పిడులు, ఒక్కడే, ఒక్క చేత్తో అన్నీ చూసుకునేవారు!" అమ్మ ఊఁ అంది.

ఒక్కడే. అదే కదా ఆయనకి కావలసింది, అదే దక్కింది. అన్నీ తానే చూసుకుంటున్నట్టు కిందవాళ్ళకి అనిపించాలి. ఆ పిడుల్ని స్టాపులంటారు. పిడి బయటికి లాగితే ఒక వరస గొట్టాలకి గాలి వెళ్తుంది, లోపలికి తోస్తే ఆగిపోతుంది, ఒకటి లాగితే పిల్లనగ్రోవిలా ఉంటుంది, ఇంకోటి లాగితే బాకాలా, కిందదొకటి లాగితే బల్లలు వణుకుతాయి. వాయించేటప్పుడు రెండు చేతులూ రెండు కాళ్ళూ పనిలో ఉంటాయి గనక వాటిని లాగడానికి పక్కన ఒక మనిషుండాలి. ఆ మనిషిని నేను. నాకు ఎనిమిదేళ్ళు రాగానే నన్ను మేడ ఎక్కించారు. ఆయన కుడిపక్కన, చెక్క తడిక వెనక, కిందకి కనిపించకుండా నిలబడాలి. ఎప్పుడు లాగాలో ఎలా తెలుస్తుంది? అందరూ ఏం చేస్తారో నాకప్పుడు తెలియదు, మా నాన్న చేసేది మాత్రం తన్నడం. కుడికాలు పెడల్ మీద నుంచి ఒక్క క్షణం ఎత్తి, మడమ బయటి అంచుతో, పక్కనున్న నా ఎడమకాలి ముంజంగ మీద, మోకాలి కింద ముందుండే ఎముక మీద, టక్కున. ఒక తన్ను అంటే లాగు. రెండు తన్నులంటే తోసెయ్. ఆలస్యమయితే తరవాతది గట్టిగా. ముందే లాగితే ఇంకా గట్టిగా. నుదుటి మీద చెమట, మొహం మీద భక్తి, ముందు నిలబడే పాస్టరుని చూసుకోవడానికి పైన కట్టిన అద్దంలో ఆ మొహం నాకు కనిపిస్తూనే ఉండేది, కింద మాత్రం గోడకి మేకు కొట్టినట్టు కొట్టేవాడు. అరిస్తే పాట చెడుతుంది. నేను ఎప్పుడూ పాట చెడగొట్టలేదు, కావాలంటే ఈ ఊరంతా సాక్ష్యం చెబుతుంది. అంత నిశ్శబ్దంగా నిలబడ్డందుకు ఇప్పుడు నా మీద నాకే రోత పుడుతోంది. ఎనిమిదేళ్ళ పిల్ల ఏం చేస్తుందిలే అని నాకు నేనే చెప్పుకుంటాను, ఆ మాట చెప్పుకున్నా ఆ రోత మాత్రం పోదు.

తెర మీద ఇప్పుడొక విషయం జరిగింది. మొదటి పాట అయి రెండోది నడుస్తోంది, మెల్లగా, ఎవరో గదిలో ఒక్కరే అటూ ఇటూ తిరుగుతున్నట్టుంది, కొంగ చేతులు పై మెట్ల మీద ఉన్నాయి, ఉన్నట్టుండి అతను తల ఊపాడు. అంతే. భార్య వైపు చూసి చిన్నగా తల ఊపాడు, ఆవిడ పిడి లాగింది, గొంతు మారింది, పాట సాగింది. నేను చుట్టూ చూశాను. ఎవరూ అబ్బే ఇతనికి చేతకాదే, భార్య సాయం తీసుకుంటున్నాడే అనుకోలేదు, మందుల షాపాయన పెదాలు కదుపుతూనే ఉన్నాడు. మళ్ళీ ఊపాడు. మళ్ళీ లాగింది. ఈసారి ఆవిడ నవ్వింది కూడా. ఓహో. తల ఊపితే సరిపోయేదన్నమాట. నా నోట్లో నీళ్ళూరాయి, పాడయిన పాల గిన్నె మూత తీసినప్పుడు ఊరినట్టు. ఇన్నేళ్ళూ నేను ఏమనుకున్నానంటే అది ఆర్గన్ పద్ధతి, అంత పెద్ద వాయిద్యానికి అంత ఖరీదుంటుంది, నా కాలే ఆ ఖరీదు అనుకున్నాను. ఎంత బుద్ధితక్కువదాన్ని. ఇన్ని వంటగదుల్లో మూతలెత్తానే, ఈ ఒక్క మూత దగ్గరికొచ్చేసరికి పద్ధతి అనుకుని దించేశాను. తల ఊపితే కిందవాళ్ళెవరైనా వెనక్కి తిరిగి ఆ అద్దంలో చూస్తారేమో, మాస్టారు ఎవరినో అడుగుతున్నారు అనుకుంటారేమో అని, దానికోసం, కేవలం దానికోసం.

"నీళ్ళు కావాలా?" అంది అమ్మ. ఏం అక్కర్లేదన్నాను. "మాటలు గుర్తున్నాయిగా?" అంది. గుర్తున్నాయి. నిన్న రాత్రి అన్నం తింటుంటే అమ్మే నేర్పింది, నాన్నగారికి సంగీతమే ప్రాణం, ఈ బూట్లు ఇక్కడ ఉండటం మా ఇంటిల్లిపాదికీ గర్వకారణం, అందరికీ నమస్కారం. ఇంతే, పెద్ద పొడుగేం కాదు, స్కూలు పిల్ల కూడా అప్పజెప్పగలదు. నాలుకతో ఒకసారి లోపల తిప్పి చూశాను, సంగీతమే ప్రాణం, ఎవరో నమిలి ఉమ్మిన ముద్ద మళ్ళీ నా నోట్లో పెట్టినట్టుంది. అమ్మ అడిగింది కాబట్టి ఒప్పుకున్నాను, నా కోసం చెప్పవే, ఈ ఒక్కసారికి, మళ్ళీ నిన్నేమీ అడగను అంది కాబట్టి. ఇదే నీతో వచ్చిన చిక్కు అమ్మా, నువ్వు ఎప్పుడూ మళ్ళీ ఏమీ అడగనంటావు. పక్కకి తిరిగి చూస్తే ఒళ్ళో సంచి మీద రెండు చేతులూ పెట్టుకుని తెర వైపు చూస్తోంది, పాదాల దాకా నల్లగౌను, దాని కింద దళసరి మేజోళ్ళు. ఈ మేజోళ్ళొకటి. ఎండలు మండిపోతున్నా ఆవిడకి మోకాళ్ళ దాకా మేజోళ్ళుండాలి, ఇంట్లో కూడా, మంచం మీద కూడా. కిందటేడు కాలు బెణికితే డాక్టరు తియ్యమన్నా తియ్యలేదు, పైనుంచే చూడండి అంది, ఆ డాక్టరు మొహం చూడాలి. పెద్దింటి బిడ్డనన్న గొప్ప అనుకునేదాన్ని. చెమట పట్టి, పౌడరు ముద్దలు కట్టి, ఉతికి ఆరేసినవి గోడ మీద వేలాడుతుంటే అటు చూడాలన్నా నాకు చిరాకు.

నేను చెప్పాను అమ్మకి. చెప్పకుండా ఏమీ లేను. మేడ ఎక్కిన మొదటి ఆదివారమే ఇంటికొచ్చి, అమ్మా నాన్న తంతున్నాడు అన్నాను. అమ్మ పొయ్యి ముందు నుంచి లేచింది, చేతులు తుడుచుకుంది, బీరువాలోంచి మలాము సీసా తీసింది, నన్ను కూర్చోబెట్టి నా ఎడమకాలు తన ఒళ్ళో పెట్టుకుని రాసింది.  ఎందుకు తన్నాడనలేదు, నేనడుగుతాలే అనలేదు, ఏ కాలు, ఎక్కడ అని కూడా అనలేదు. నేను ఏడుస్తూ, కర్పూరం వాసన ముక్కుకెక్కుతుంటే, ఇప్పుడు అమ్మ లేచి వెళ్ళి నాన్నని తిడుతుంది అని ఎదురుచూశాను. అమ్మ లేచి వెళ్ళి పొయ్యి మీద గిన్నె దించింది. మళ్ళీ ఆదివారం నా జడలు తనే వేసి, గౌను తనే తొడిగి, పద, నాన్న మెట్ల దగ్గరున్నాడు అంది. ఆ తరవాత నేను ఇంకెవరికీ ఏమీ చెప్పలేదు. కొంగకి కూడా తెలియదు, అతను పాఠానికి వచ్చే రోజుల్లో నాన్న తేనెలో ముంచిన మనిషి, బాబూ అని పిలిచేవాడు, పరాయి పిల్లలందరికీ బాబే, అమ్మే. పెళ్ళయి ఆ ఇంట్లోంచి బయటపడే దాకా నేను పిడులు లాగాను. నా ఎడమకాలి మీద వేలు పెడితే దిగే గుంట ఒకటి ఇప్పటికీ ఉంది, వానాకాలం సలుపుతుంది, మా ఆయన అడిగితే చెట్టెక్కి పడ్డానని చెప్పాను. నేను పుట్టిన వీధిలో చెట్టే లేదు.

చప్పట్లు. ఇంకా మధ్యలోనే ఉంది, కొట్టకూడదు, అయినా వెనక ఎవరో కొట్టారు, అది చూసి అందరూ కొట్టారు, కొంగ మర్యాదగా ఆగి మళ్ళీ అందుకున్నాడు. పాస్టరు గారు లేచి మైకు దగ్గరికి వెళ్ళి, చివరగా మన మాస్టారు స్వయంగా కట్టిన పాట, ఆయన తప్ప ఇంతవరకూ ఎవరూ వాయించని పాట అన్నాడు. అన్నప్పుడు మైకు మీద ఉమ్మి పడటం నాకు కనిపించింది, ఇంకాసేపట్లో అదే మైకులో నేను మాట్లాడాలి. నాకు ఈ సంగతి ముందు చెప్పలేదు. అమ్మ వైపు చూశాను, అమ్మ సంచిని కాస్త దగ్గరికి లాక్కుంది. నాన్న పాట. నాకు అది చెవులకి తెలియదు, కాలికి తెలుసు. ఎలా మొదలవుతుందో అడగండి, పాడలేను, కానీ ఎక్కడ తన్ను పడుతుందో చెప్పగలను. ముందు ఒక్క వేలితో వాయించినట్టు పల్చగా ఉంటుంది, తరవాత రెండో చెయ్యి కలుస్తుంది, తరవాత ఏదో దిగులుగా కిందకి మెట్లు దిగుతుంది, దిగి దిగి ఇక చాలు అనుకున్న చోట ఒక్క క్షణం ఆగుతుంది, ఊపిరి తీసుకున్నట్టు, ఆ ఆగిన చోట.

బాగుంది. ఇదే నాకు అన్నిటికంటే అసహ్యం, పాట బాగుంది. కొంగ బాగా వాయిస్తున్నాడు, కుట్టు ఆంటీది దొంగేడుపు కాదు, వెనక పెద్దమనిషి దగ్గు కూడా ఆపాడు. అందరితో పాటు నా తల కూడా ఊగుతోంది, ఛీ ఛీ, నువ్వు కూడానా, ఈ మనిషి ఇంత మెత్తటిది ఎక్కడి నుంచి తీశాడు, ఎవరింట్లోంచి ఎత్తుకొచ్చాడు, మా ఇంట్లో అయితే ఇలాంటిది ఎప్పుడూ లేదు. దిగుతోంది. మెట్లు దిగుతోంది. వినకు, వేరే ఏదైనా ఆలోచించు, రేపు తనిఖీ చెయ్యాల్సిన బేకరీ గురించి ఆలోచించు, గోదాములో ఎలుకలున్నాయని ఫిర్యాదు, పిండి బస్తాల వెనక గోడ చూడాలి, ఆఖరి మెట్టు, అక్కడ ఆగుతుంది, ఆగింది. నా ఎడమకాలు దానంతట అదే కుడివైపుకి జరిగింది. నేను జరపలేదు. టక్కున జరిగింది, మోకాలు మోకాలికి కొట్టుకుంది. అదే క్షణంలో, ముందూ కాదు వెనకా కాదు, నా పక్కన నల్లగౌను కదిలింది. అమ్మ ఎడమకాలు కుడివైపుకి తప్పుకుంది. ఒళ్ళో సంచి జారబోతే పట్టుకుంది. తెర మీద కొంగ తల ఊపాడు, అతని భార్య పిడి లాగింది.

నేను పాట వినడం మానేశాను. అమ్మ కాలు చూస్తున్నాను. ఇంకో చోటుంది, నాకు తెలుసు, బాకా గొట్టాలు కలిసే ముందు, రెండు తన్నులు వెంటవెంటనే, ఒకటి తోసెయ్యాలి. వస్తోంది. కాళ్ళు రెండూ బిగబట్టి కూర్చున్నాను, ఈసారి నావి కదలనివ్వలేదు, అమ్మవి చూశాను. గౌను అంచు రెండుసార్లు ఉలికిపడింది. రెండుసార్లు. ఒకటి లాగు, రెండు తోసెయ్. మలాము సీసా, ఎడమకాలు, ఏ కాలు అని అడగకపోవడం. మేజోళ్ళు. పొద్దున పాలిష్, ఈ పక్క లోపలికి తిప్పిపెట్టవే. 

"నీకూనా?" అన్నాను.

అమ్మ తెర వైపే చూస్తోంది. "పాట అయిపోనియ్యవే."

"అమ్మా. నీకూనా?"

"నువ్వు పుట్టకముందు నుంచీ నేనే లాగేదాన్ని," అంది పెదాలు కదలకుండా. "ఈ పాట కట్టినప్పుడు పక్కనున్నది నేనే."

"మరి నన్నెందుకు పంపావ్?"

 బాకా గొట్టాలు కలిశాయి, బల్ల వణికింది, నా పళ్ళు వణికాయి, ఇక చెప్పదులే అనుకున్నాను. "ఓపిక అయిపోయిందే," అంది. "నువ్వెప్పుడు పెద్దదానివవుతావా అని చూశాను."

ఇక నాకు నాన్న మీద అసహ్యం చాల్లేదు. అంతా ఇటు తిరిగింది, ఈ నల్లగౌను వైపు, ఈ పౌడరు వాసన వైపు. ఎంత నొప్పో తెలియక ఊరుకుందనుకున్నాను, పిరికిదనుకున్నాను, వింటే బాధని వినడం మానేసిందనుకున్నాను, ఇన్నేళ్ళూ ఆవిడ తరఫున నేనే ఎన్నో సాకులు వెతికిపెట్టాను. తెలుసు. ఒక్కో తన్నూ ఎక్కడ పడుతుందో తెలుసు. తెలిసే జడలు వేసింది. వంటవాడు పాడయిందని తెలిసి తను ముట్టకుండా పక్క బల్లకి పంపించినట్టు నన్ను పంపింది. లేచి పోదామనుకున్నాను, ఈ బల్ల, ఈ రిబ్బన్, ఈ ఆవిడ, అన్నీ ఇక్కడే వదిలేసి బయట వానలోకి. కానీ మనసులో ఎక్కడో ఇంకో మూల, నేను వద్దంటున్నా, మరి ఆవిడని ఎవరు పంపారు, ఆవిడ ఎంతకాలం నిలబడింది అని అడుగుతోంది. నోర్ముయ్ అన్నాను దానికి. ఇవాళ కాదు. ఆర్గన్ పెద్దగా అరిచి ఆగింది, జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, పాస్టరు గారు చెయ్యి చాపి, "మాస్టారి అమ్మాయిగారు," అన్నాడు. అమ్మ సంచి నా చేతికిచ్చింది. మాటలు గుర్తున్నాయిగా అని ఈసారి అడగలేదు.

మైకు ఉమ్మివాసన కొడుతోంది. గాజుపెట్టె లోపల నీలం మఖమలు పరిచారు, మూత తెరిచి ఉంది. బూట్లు తీశాను. ఎడమది పెట్టాను. కుడిది చేతిలో ఉంచుకున్నాను. సంగీతమే ప్రాణం అన్న మాట నాలుక మీదకి వచ్చింది, వచ్చి కూర్చుంది, దాన్ని మింగేశాను. వంటగది యజమానులతో మాట్లాడే గొంతు ఒకటుంది నాకు, ఎక్కువా తక్కువా లేని గొంతు, అది వచ్చింది. "ఇవి మా నాన్న బూట్లు," అన్నాను. "ఈ కుడిదాని మడమ పక్కన చూడండి, సొట్టపడింది. ఆర్గన్‌లో అక్కడ తగిలేదేమీ లేదు. అక్కడ నేను నిలబడేదాన్ని. మీరందరూ ఆయన ఒక్కడే చేశాడంటున్నారు, పిడులు లాగింది నేను. ఎప్పుడు లాగాలో నాన్న తన్ని చెప్పేవాడు. ఎనిమిదేళ్ళప్పటి నుంచి, ప్రతి ఆదివారం. ఈ సొట్ట నా కాలిది." సొట్ట కనిపించేలా బయటికి తిప్పి కుడి బూటు పెట్టాను. అయిపోయింది. చెప్పేశాను. 

 తరవాత ఎవరో నవ్వారు. కొంటె నవ్వు కాదు, ముద్దు నవ్వు, పసిపిల్ల ఏదో అంటే నవ్వేది. అది వరసలు వరసలుగా వెనక్కి వెళ్ళింది. "మాస్టారి శిక్షణంటే అలా ఉండేది మరి!" అన్నాడు పాస్టరు గారు నా భుజం మీద తడి చెయ్యి వేసి. "అందుకే కదండీ అమ్మాయిగారు ఇవాళ ఇంత పెద్ద ఆఫీసరయ్యారు!" చప్పట్లు. మందుల షాపాయన లేచి నిలబడి కొడుతున్నాడు. దగ్గు పెద్దమనిషి కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. ఎవరో ఫోను ఎత్తి బూటుని ఫోటో తీస్తున్నారు, సొట్ట వైపు నుంచే. ఇంత చెప్పినా వీళ్ళకి అది తియ్యగానే ఉంది. వీళ్ళకి ఏం చూపించినా తింటారు. నా నోట్లో మళ్ళీ నీళ్ళూరాయి, ఇక్కడే, ఈ మఖమలు మీదే కక్కేస్తానేమో అనుకున్నాను.

అమ్మ కోసం చూశాను, ఎందుకో తెలియదు, చప్పట్లు కొడుతుందేమో చూద్దామని కావచ్చు, కొడితే ఇక ఇవాళ్టితో సరి అనుకోవడానికి కావచ్చు. అమ్మ వంగి ఉంది. చేతిసంచి కింద పడిందేమో, వెతుక్కుంటోందేమో అనుకున్నాను. సంచి కాదు. గౌను అంచు పట్టుకుని మోకాలి దాకా పైకి లాక్కుంది. మేజోడు పై అంచు పట్టుకుని కిందకి చుట్టడం మొదలుపెట్టింది, దళసరిది, చర్మానికి అంటుకుపోయింది, మెల్లమెల్లగా వస్తోంది. చీలమండ దాకా చుట్టి, ఎడమకాలు ముందుకు చాపి, బల్ల ముందు అందరూ నడిచే దారిలో పెట్టింది. ముందు కుట్టు ఆంటీ చేతులు ఆగాయి. "వదినా," అంది. ఆవిడ వెనకవాళ్ళు ఆగారు, వాళ్ళ వెనకవాళ్ళు తలలు చాపి చూసి ఆగారు, చప్పట్లు అలా వరసవరసగా వెనక్కి చచ్చిపోతూ మేడ కింద దాకా వెళ్ళి ఆగిపోయాయి. పాస్టరు గారి చెయ్యి నా భుజం మీద నుంచి దిగింది. అమ్మ ఎవరి వైపూ చూడలేదు, నా వైపే చూస్తోంది. నా కోపం పోలేదు. తెల్లటి కాలు, ఎండ సోకని కాలు, ముంజంగ మీద నల్లగా గుంటలు, ఒకదాని పక్కన ఒకటి, నాకంటే చాలా ఎక్కువ. మా అమ్మ కాలు నేను చూడటం అదే మొదటిసారి.